పిల్లికి సర్వీసు రిజిస్టరు లేదు

(పెన్షనర్ల దినోత్సవం నాడు గుంతకల్లు సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏటా ఈ రోజున మనం 1982 డిసెంబరు 17 నాటి నకారా తీర్పును తలచుకొంటాం. పెన్షను అనేది ప్రభుత్వం దయతలచి వేసే భిక్ష కాదు, చేసిన సేవకు దక్కే హక్కు అని సుప్రీంకోర్టు చెప్పిన రోజిది. నా కంటే ముందు మాట్లాడిన పెద్దలు కరువు భత్యం గురించి, బకాయిల గురించి వివరంగా చెప్పారు. కార్యదర్శిగారు నన్ను ఆరోగ్య బీమా గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను డాక్టరును కాను, బీమా ఏజెంటును అసలే కాను. ఖజానా ఆఫీసులో బిల్లులు చూసీ చూసీ సీనియర్ అసిస్టెంటుగా రిటైరైన గుమాస్తాను. కాగితం కనబడితే చివరి పంక్తి దాకా చదవడం ఒక్కటే నాకు వచ్చిన విద్య. ఆ విద్యతో తెలుసుకొన్నదీ, ఆ విద్య ఉండి కూడా నేను చేసిన ఒక తప్పూ ఈ రోజు మీ ముందు పెడతాను.

ముందుగా ఒక పిల్లి సంగతి చెప్పాలి. నవ్వండి, ఫర్వాలేదు, కానీ చివరి దాకా వినండి.

మా మనవరాలు బెంగుళూరులో ఉద్యోగం చేస్తోంది. ఒక మగపిల్లిని సాకుతోంది. మా కాలంలో పిల్లి అంటే ఎలుకలు పట్టేది, పాలగిన్నె మూత తీసేది. ఈ పిల్లికి టీకాల కార్డు ఉంది, డాక్టరు ఉన్నాడు, బీమా పాలసీ కూడా ఉంది. ఆ మాట మొదటిసారి విన్నప్పుడు నేనూ నవ్వాను. మా ఇంటావిడ, "ఎద్దుకు ఇన్సూరెన్సు ఉంటే లేని తప్పు పిల్లికి ఉంటే వచ్చిందా?" అంది. నిజమే. మన అనంతపురం జిల్లాలో బ్యాంకు అప్పుతో కొన్న గేదెకు, ఎద్దుకు చెవికి బిళ్ళ వేయించి బీమా చేయించడం మనం ఎరిగినదే. బిళ్ళ లేకపోతే క్లెయిమ్ లేదు అన్న మాట ప్రతి రైతుకూ తెలుసు. కుక్కలకు కూడా పాలసీలు చాలా కాలంగా ఉన్నాయి. పిల్లులకు ఇవి వచ్చింది ఈమధ్యనే.

2023 వేసవిలో ఆ పిల్లికి మూత్రం బిగుసుకుపోయింది. మగపిల్లులకు మూత్రనాళం చాలా సన్నగా ఉంటుందట. నీళ్ళు సరిగా తాగక, లోపల ఇసుక లాంటి రేణువులు చేరి అడ్డం పడితే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం మీదికి వస్తుంది. గొట్టం వేసి, మూడు రోజులు ఆసుపత్రిలో పెట్టుకొని బ్రతికించారు. ఇరవై వేలు దాటిన బిల్లులో చాలా భాగం బీమా కంపెనీ ఇచ్చింది. అంతవరకు బాగుంది.

మొన్న రెన్యువల్ సమయానికి ప్రీమియం పెరిగింది. ఇంకొక కంపెనీ తక్కువకు ఇస్తామన్నది. మా మనవరాలు ఫోన్లో కాగితాలు పంపి, "తాతా, మారిపోదామనుకొంటున్నా, ఒకసారి చూడవా?" అని అడిగింది. నేను భూతద్దం పెట్టుకొని కూర్చున్నాను. ముందు పేజీల్లో అంతా రంగుల బొమ్మలే. లోపలి పేజీలో సన్నటి అక్షరాలతో రెండు షరతులు కనబడ్డాయి. పాలసీ మొదలైన తర్వాత కొన్నాళ్ళ దాకా జబ్బు చేస్తే డబ్బు రాదు. పాలసీ తీసుకొనే నాటికి ఉన్న, లేదా అంతకు ముందు వచ్చిన జబ్బుకు, దాని వల్ల వచ్చే ఇబ్బందులకు ఎప్పటికీ డబ్బు రాదు.

నేను ఫోన్ చేసి అడిగాను: "అమ్మా, నీ పిల్లికి దేని భయం?"

"మూత్రం మళ్ళీ బిగుస్తుందేమోనని తాతా. ఒకసారి వచ్చినవాటికి మళ్ళీ రావచ్చని డాక్టరు చెప్పినాడు."

"ఆ ఒక్క జబ్బుకే ఈ కొత్త కంపెనీ ఇవ్వనంటోంది. మరి ఏం చూసి మారుతున్నావు?"

కాసేపు మాట లేదు. తర్వాత, "నేను ఇన్నేళ్ళు కట్టినాను కదా తాతా, ఆ లెక్క ఏమయినట్లు?" అంది.

సోదరులారా, ఆ ప్రశ్నే నన్ను ఈ రోజు మీ ముందు నిలబెట్టింది. మనుషుల ఆరోగ్య పాలసీలో ఆ లెక్క పోదు. పిల్లి పాలసీలో పోతుంది. ఎందుకంటే బీమా లెక్కలో పిల్లి మన ఆస్తి కింద వస్తుంది. మనుషుల ఆరోగ్య బీమాకు వర్తించే బదిలీ నిబంధనలు దానికి వర్తించవు. మన భాషలో చెప్పాలంటే పిల్లికి సర్వీసు రిజిస్టరు లేదు. కంపెనీ మారితే అది కొత్తగా ఉద్యోగంలో చేరినట్లే.

మనకు సర్వీసు రిజిస్టరు ఉంది. అయితే దానిని వెంట తీసుకుపోయే పద్ధతి తెలిసి ఉండాలి. తెలియక నేను చేసిన తప్పు ఇప్పుడు చెబుతాను.

మా తమ్ముడు ఈ ఊళ్ళోనే చిన్న బట్టల కొట్టు నడిపేవాడు. నాకున్న వైద్య సదుపాయం అతనికి లేదు. 2006లో నేనే దగ్గరుండి ఒక కంపెనీలో ఆరోగ్య పాలసీ తీయించాను. 2010లో అతనికి చక్కెర జబ్బు బయటపడింది. 2013లో ప్రీమియం పెంచారు. ఒక ఏజెంటు వచ్చి, మూడు వేలు తక్కువకు మరో కంపెనీ పాలసీ ఇస్తానన్నాడు. కాగితాల పని ఏదైనా మా ఇంట్లో నాదే కాబట్టి దరఖాస్తు నేనే నింపాను. "మధుమేహం ఉన్నదా" అనే గడి దగ్గర కలం ఆగింది. "ఉందని రాస్తే పాలసీ రాదు సార్, అందరూ లేదనే రాస్తారు" అన్నాడు ఏజెంటు. లేదు అని రాశాను. ఆఫీసులో పది రూపాయల వోచరుకు కూడా సంతకం సరిపోలలేదని అభ్యంతరం పెట్టిన మనిషిని నేను. పాత పాలసీని వదిలేశాము.

2015లో తమ్ముడికి గుండెపోటు వచ్చింది. బెంగుళూరు తీసుకుపోయాము. 2 లక్షల 80 వేలు అయింది. క్లెయిమ్ పంపితే రెండు కారణాలు రాసి తిప్పి పంపారు. మొదటిది: చక్కెర జబ్బు దాచారు. రెండవది: పూర్వం నుండి ఉన్న జబ్బుకు నాలుగేళ్ళ నిరీక్షణ కాలం ఇంకా తీరలేదు. పై వాళ్ళకు ఫిర్యాదు చేద్దామన్నా, ఆ గడిలో ఉన్నది నా దస్తూరీ. తమ్ముడు ఇంటి కోసమని కొనుక్కున్న స్థలం అమ్మి అప్పు తీర్చాడు. ఆ తర్వాత నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే నాకు కొంత తేలికగా ఉండేదేమో. అతను ఈ రోజు ఈ సభలో వెనుక వరుసలో కూర్చుని ఉన్నాడు. ఈ సంగతి చెప్పమని నాకు అనుమతి ఇచ్చింది కూడా అతనే.

తర్వాత నాకు తెలిసిన విషయం ఇది. 2011 అక్టోబరు 1 నుండే మన దేశంలో ఆరోగ్య పాలసీని ఒక కంపెనీ నుండి మరొక కంపెనీకి మార్చుకొనే హక్కు అమలులో ఉంది. దాన్ని పోర్టబిలిటీ అంటారు. మేము 2013లో కొత్త పాలసీ కొనే బదులు ఆ పద్ధతిలో మారి, జబ్బు సంగతి నిజంగా రాసి, కొత్త కంపెనీ ఒప్పుకొని ఉంటే, పాత పాలసీలో గడిచిన ఏడేళ్ళు మాకు లెక్కకు వచ్చేవి. నాలుగేళ్ళ నిరీక్షణ అప్పటికే తీరిపోయి ఉండేది. ఒప్పుకోకపోతే పాత పాలసీలోనే ఉండేవాళ్ళం. మూడు వేలు మిగుల్చుకోబోయి స్థలం పోగొట్టాను.

మన ఉద్యోగ జీవితంతో పోల్చి చూడండి. గుంతకల్లు నుండి మడకశిరకు బదిలీ అయితే సర్వీసు పోతుందా? ఇంక్రిమెంటు పోతుందా? పోదు. ఎల్.పి.సి. వెంట వస్తుంది, సర్వీసు రిజిస్టరు వెంట వస్తుంది. కానీ ఇక్కడ రాజీనామా ఇచ్చి అక్కడ కొత్తగా చేరితే? మొదటి రోజు నుండి లెక్క. పోర్టబిలిటీ అంటే బదిలీ. పాతది వదిలేసి కొత్తది కొనడం అంటే రాజీనామా. మేము చేసింది రాజీనామా.

ఈ బదిలీకి సంబంధించిన నియమాలు మీరు రాసుకోవడానికి వీలుగా నిదానంగా చెబుతాను.

మొదటిది, అసలు మారాలా అని ఆలోచించండి. ఎక్కువ క్లెయిములు తీసుకొన్నారన్న కారణంతో పాత కంపెనీ మన రెన్యువల్‌ను నిరాకరించడానికి వీలు లేదు. కానీ కొత్త కంపెనీ మన ఆరోగ్య చరిత్ర చూసి వద్దనవచ్చు, లేదా ఎక్కువ ప్రీమియం అడగవచ్చు. మారే హక్కు అంటే దరఖాస్తు పెట్టుకొనే హక్కు, చేరితే పాత ఏళ్ళు లెక్కకు తెచ్చుకొనే హక్కు. చేర్చుకొని తీరాలని కాదు. పాత జబ్బులున్నవారు ఈ తేడా బాగా గుర్తుంచుకోవాలి. ప్రీమియం భారం ఒక్కటే కారణమైతే, అదే కంపెనీలో మరొక రకం పాలసీకి మారే వీలుందేమో ముందు అడగండి. అప్పుడు కూడా గడిచిన ఏళ్ళు లెక్కకు వస్తాయి.

రెండవది, సమయం. గడువు తేదీకి 45 రోజుల ముందుగానైనా దరఖాస్తు కొత్త కంపెనీకి చేరాలన్నది మొదటి నుండి ఉన్న పద్ధతి. నేను 60 రోజుల ముందు గోడ క్యాలెండరు మీద ఎర్ర సున్నా చుడతాను. మీరూ అట్లాగే చేయండి. 2024 నాటి నిబంధనల ప్రకారం పాత కంపెనీ మన వివరాలను 72 గంటల్లో పంపాలి, కొత్త కంపెనీ ఆ తర్వాత 5 రోజుల్లో తన నిర్ణయం చెప్పాలి. అయినా వాళ్ళ ఆఫీసుల్లోనూ మనలాంటి గుమాస్తాలే ఉంటారు కనుక వ్యవధి ఉంచుకోవడం మంచిది.

మూడవది, పోస్టింగు ఆర్డరు చేతికి రాకుండా రిలీవ్ కావద్దు. కొత్త కంపెనీ ఒప్పుకొన్నట్లు కాగితం మీద రాసి ఇచ్చే వరకు పాత పాలసీని వదలకండి. గడువు దగ్గర పడినా జవాబు రాకపోతే పాతదే రెన్యువల్ చేయించండి. వచ్చే ఏడాది చూసుకోవచ్చు.

నాలుగవది, సర్వీసు బ్రేక్ రానీయకండి. ఏడాదికొకసారి కట్టే పాలసీకి గడువు దాటాక 30 రోజుల మినహాయింపు ఉంది. ఆ లోపల కడితే పాత ఏళ్ళ లెక్క పోదు. కానీ కట్టకుండా గడిచిన రోజుల్లో ఆసుపత్రి పాలైతే డబ్బు రాదు. 30 రోజులు దాటితే సర్వీసు మొత్తం పోయినట్లే.

ఐదవది, నిజం రాయండి. చక్కెర ఉంటే ఉందని, రక్తపోటు ఉంటే ఉందని, ఏ సంవత్సరం నుండి ఏ మాత్ర మింగుతున్నారో కూడా రాయండి. దరఖాస్తు ఏజెంటు నింపినా, మనవడు ఫోన్లో నింపినా, చదవకుండా సంతకం పెట్టవద్దు, ఓ.టి.పి. చెప్పవద్దు. 2024 ఏప్రిల్ 1 నుండి పూర్వపు జబ్బుకు నిరీక్షణ కాలం 48 నెలలకు బదులు 36 నెలలకు మించరాదని నియమం వచ్చింది. నిజం రాసినా మహా అయితే మూడేళ్ళు ఆగాలి. పోర్టబిలిటీలో వస్తే అప్పటికే గడిచిన కాలం అందులో తగ్గుతుంది. దాచితే మాత్రం మొత్తానికే మోసం. అట్లాగే ఆపకుండా 60 నెలలు కట్టిన పాలసీ మీద, మోసం రుజువైతే తప్ప, మీరు ఫలానాది చెప్పలేదని కంపెనీ క్లెయిమ్ తిరస్కరించరాదు. ఇది అంతకు ముందు 8 ఏళ్ళు ఉండేది. దీన్ని చూసి ఐదేళ్ళు దాచిపెడితే చాలుననుకోవద్దు. గుండెపోటు ఐదేళ్ళు ఆగుతుందని ఎవరూ మనకు రాసివ్వలేదు.

ఆరవది, మొత్తం పెంచుకొంటే జాగ్రత్త. పాత పాలసీ 3 లక్షలకు ఉండి, మారేటప్పుడు 5 లక్షలు తీసుకొంటే, పాత ఏళ్ళ లెక్క ఆ 3 లక్షలకు, దాని మీద చేరిన బోనసుకు మాత్రమే వస్తుంది. పెంచిన 2 లక్షలకు నిరీక్షణ కొత్తగా మొదలవుతుంది.

బదిలీ మీద వచ్చినది కాక, కొత్తగా కొన్న పాలసీ అయితే, చేతికి వచ్చాక చదువుకోవడానికి 30 రోజుల వ్యవధి ఉంటుంది. నచ్చకపోతే తిప్పి పంపవచ్చు. ఆ నెలలో ఒక్క ఆదివారం దాని కోసం పెట్టండి.

"మాకు ప్రభుత్వ హెల్త్ కార్డు ఉంది కదా, ఇదంతా ఎందుకు?" అని కొందరు అనుకోవచ్చు. రైల్వే మిత్రులకు రైల్వే ఆసుపత్రి ఉంది. నిజమే. కానీ ఉద్యోగాల్లో స్థిరపడిన మన పిల్లలకు, కొట్టు నడుపుకొనే తమ్ముళ్ళకు, సేద్యం చేసుకొనే బావమరుదులకు మన కార్డు పనికి రాదు. వాళ్ళ కాగితాలు చదివిపెట్టేది మనమే. మన పిల్లలు కంపెనీ ఇచ్చే గ్రూపు పాలసీని నమ్ముకొని ఉంటారు. ఉద్యోగం మానిన నాడు అదీ పోతుంది. గ్రూపు నుండి అదే బీమా కంపెనీలో సొంత పాలసీకి మారే వీలు ఉన్నది. మానే ముందే అడగమని చెప్పండి. మానిన తర్వాత అడిగితే వినేవాళ్ళుండరు.

వయసు మీరినవారికి ఈ మధ్య కొన్ని మంచి మాటలు కూడా వచ్చాయి. 2025 జనవరిలో బీమా నియంత్రణ సంస్థ, 60 దాటినవారి ప్రీమియం ఏడాదికి 10 శాతానికి మించి పెంచాలంటే ముందుగా తనను సంప్రదించాలని కంపెనీలను ఆదేశించింది. 2025 సెప్టెంబరు 22 నుండి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద 18 శాతం జి.ఎస్.టి. తీసివేశారు. మీ రసీదులో ఇంకా పడుతుంటే అడగండి. 70 ఏళ్ళు నిండినవారికి, ఆదాయంతో నిమిత్తం లేకుండా, కుటుంబానికి ఏడాదికి 5 లక్షల వరకు ఆయుష్మాన్ వయ వందన కార్డు 2024 అక్టోబరు 29 నుండి ఇస్తున్నారు. అందులో పాత జబ్బుకు ఒక్క రోజు కూడా నిరీక్షణ లేదు. ప్రైవేటు పాలసీ ఉన్నవారు కూడా తీసుకోవచ్చు. సి.జి.హెచ్.ఎస్. వంటి ప్రభుత్వ పథకంలో ఉన్నవారు మాత్రం ఏదో ఒకటి ఎంచుకోవాలి.

అన్యాయం జరిగితే ఎక్కడికి పోవాలి? ముందు ఆ కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాతపూర్వకంగా పంపి, తేదీ ముద్ర వేయించుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా, హైదరాబాదులోని ఇన్సూరెన్సు అంబుడ్స్‌మన్‌కు ఏడాది లోపల రాయవచ్చు. మన రాష్ట్రం ఆయన పరిధిలోనే ఉంది. ఫీజు లేదు, వకీలు అవసరం లేదు. నియంత్రణ సంస్థకు 155255 నంబరుకు ఫోన్ చేసి కూడా ఫిర్యాదు చేయవచ్చు. కానీ మన దరఖాస్తులో అబద్ధం ఉంటే ఏ గడపా ఎక్కలేము. అది నా అనుభవం.

మళ్ళీ పిల్లి దగ్గరికి వస్తాను. మా మనవరాలు పాత కంపెనీలోనే ఉండిపోయింది. నేను చెప్పినట్లు వాళ్ళకు ఒక లేఖ పంపింది: "మధ్యలో ఆపకుండా రెన్యువల్ చేస్తే 2023లో వచ్చిన మూత్రం జబ్బు మళ్ళీ వచ్చినా డబ్బు ఇస్తారా?" అని. ఇస్తామని వాళ్ళు రాసిన జవాబును అచ్చు తీయించి పాలసీకి జత చేసింది. ప్రీమియం కొంచెం ఎక్కువే. ఆ డబ్బు దండగ కావాలనే నేను కోరుకొంటున్నాను. బీమా డబ్బు దండగయిన ఏడాదే మంచి ఏడాది.

పిల్లికి నోరు లేదు, హక్కూ లేదు. దానికి మా మనవరాలుంది. మనకు నోరూ ఉంది, హక్కూ ఉంది. లేనిది ఓపిక. ఇంటికి పోయిన తర్వాత ఇంట్లో ఉన్న పాలసీలన్నీ బయటికి తీయండి. ఒక నోటు పుస్తకంలో ఒక్కొక్కదానికి ఒక పేజీ కేటాయించి పాలసీ నంబరు, మొదలైన తేదీ, గడువు తేదీ, చెప్పిన జబ్బులు, తీసుకొన్న క్లెయిములు రాయండి. అదే మన సర్వీసు రిజిస్టరు. ఆ పుస్తకం ఎక్కడున్నదో ఇంట్లో ఇంకొకరికి కూడా చెప్పి ఉంచండి. ఎందుకంటే అవసరం పడిన నాడు మంచం మీద ఉండేది మనమే కావచ్చు.

ఎవరికైనా కాగితాలు చదివిపెట్టాలంటే నేను ప్రతి శనివారం ఉదయం మన సంఘ కార్యాలయంలో ఉంటాను. భూతద్దం నాదే తెచ్చుకొంటాను. అనుమతి ఇచ్చిన మా తమ్ముడికి కృతజ్ఞతలు.